పేరు నిలిచిన బృందం: సాఫ్ట్ మెషీన్ సభ్యుల మార్పు, ఆల్బమ్‌ల పరిణామం

1966లో ఇంగ్లండులో నలుగురు యువకులు ‘సాఫ్ట్ మెషీన్’ అనే రాక్ బృందాన్ని ప్రారంభించారు. 1981లో అదే పేరుతో ‘ల్యాండ్ ఆఫ్ కొకేన్’ అనే ఆల్బమ్ వెలువడేనాటికి ఆ నలుగురిలో ఒక్కరు కూడా బృందంలో లేరు. మొదటి ఆల్బమ్‌లో వినిపించిన గాత్రం, చమత్కారం, సైకెడెలిక్ ధోరణి చివరి ఆల్బమ్‌లో మచ్చుకైనా కనిపించవు. అయినా రికార్డు సంస్థల పట్టికల్లోనూ సంగీత చరిత్ర గ్రంథాల్లోనూ ఇవన్నీ ఒకే బృందం రచనలుగానే నమోదయ్యాయి. సభ్యులు మారి, శైలి మారి, వాద్యాలు మారిన తరువాత కూడా ఒక బృందాన్ని అదే బృందమని అనడానికి ఆధారమేమిటన్న ప్రశ్నకు సాఫ్ట్ మెషీన్ చరిత్ర మంచి పరిశీలనాంశం.

ఈ చరిత్రను సాధారణంగా రెండు విధాలుగా చెబుతారు. బాల్యచేష్టల వంటి సైకెడెలిక్ దశ నుండి గంభీరమైన జాజ్ దశకు బృందం ఎదిగిందని ఒక వాదం. జీవకళ ఉట్టిపడే పాటల నుండి నిర్జీవమైన వాద్య విన్యాసాలకు దిగజారిందని మరొక వాదం. రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. మార్పును ముందే నిర్ణయమైన ప్రయాణంగా భావించి, ప్రతి మలుపు వెనుక ఉన్న ప్రత్యేక కారణాన్ని అవి పక్కన పెడతాయి. ఒక సభ్యుణ్ణి దేశ సరిహద్దు ఆపివేసింది, మరొకడు అలసటతో వెళ్ళిపోయాడు, ఇంకొకణ్ణి సహచరులే వద్దనుకున్నారు. ఈ మూడింటినీ ‘పరిణామం’ అన్న ఒక్క మాటలో ఇమిడ్చలేము.

నేపథ్యం

బృందం మూలాలు ఆగ్నేయ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో ఉన్నాయి. రాబర్ట్ వయట్, మైక్ రాట్‌లెడ్జ్, హ్యూ హాపర్ కాంటర్‌బరీలోని సైమన్ లాంగ్‌టన్ పాఠశాల విద్యార్థులు. లిడెన్ గ్రామంలో వయట్ కుటుంబం ఉన్న పెద్ద ఇంట్లో గదులు అద్దెకిచ్చేవారు. 1960ల ఆరంభంలో డేవిడ్ ఆలెన్ అనే ఆస్ట్రేలియన్ అక్కడ అద్దెకు దిగాడు. వయట్ కంటే ఏడేళ్ళు పెద్దవాడైన ఆలెన్ తనతోపాటు జాజ్ రికార్డులను, బీట్ కవుల పట్ల అభిమానాన్ని, ప్యారిస్ పరిచయాలను తీసుకువచ్చాడు. 1964లో ఏర్పడిన ‘వైల్డ్ ఫ్లవర్స్’ అనే స్థానిక బృందంలో వయట్, హాపర్, కెవిన్ ఎయర్స్ వివిధ కాలాల్లో పనిచేశారు. ఆ బృందం నుండే తరువాత ఒక శాఖగా సాఫ్ట్ మెషీన్, మరొక శాఖగా ‘కారవాన్’ రూపొందాయి. ‘కాంటర్‌బరీ సంప్రదాయం’ అన్న వ్యవహారం ఈ కారణంగానే ఏర్పడింది. అయితే సాఫ్ట్ మెషీన్ ప్రాచుర్యం పొందింది లండన్‌లో, ఆ పైన ఫ్రాన్స్‌లో. ఊరి పేరుతో శైలిని గుర్తించడం ఇక్కడ పరిమిత ప్రయోజనం గల పద్ధతి మాత్రమే.

1966లో వయట్ (డ్రమ్స్, గాత్రం), ఎయర్స్ (బేస్, గాత్రం), ఆలెన్ (గిటార్), రాట్‌లెడ్జ్ (ఆర్గాన్) ఒక జట్టుగా స్థిరపడ్డారు. అమెరికన్ రచయిత విలియం బరోస్ నవల శీర్షికను బృందానికి పేరుగా ఎంచుకుని, దానికి రచయిత అనుమతిని ఆలెన్ స్వయంగా అడిగి తీసుకున్నాడు. ‘మెత్తని యంత్రం’ అంటే మానవ శరీరం. పాడే గొంతు ఉన్నంతకాలం ఈ పేరులోని రెండు పదాలూ సార్థకంగానే ఉన్నాయి.

1966 అక్టోబరు 15న లండన్‌లోని రౌండ్‌హౌస్‌లో ‘ఇంటర్నేషనల్ టైమ్స్’ పత్రిక ప్రారంభోత్సవంలో సాఫ్ట్ మెషీన్, పింక్ ఫ్లాయిడ్ రెండూ పాల్గొన్నాయి. ఆ ఏడాది డిసెంబరులో ప్రారంభమైన యూఫో క్లబ్బులో కూడా ఈ రెండు బృందాలే ప్రధాన ఆకర్షణ. మార్క్ బాయిల్ ద్రవవర్ణాలను వేడిచేసి తెరపై ప్రసరింపజేసే కాంతి ప్రదర్శన సాఫ్ట్ మెషీన్ కచేరీలో అంతర్భాగం. సైకెడెలిక్ సంగీతమంటే కేవలం ధ్వని కాదనీ, చీకటి గది, రంగుల కదలిక, గంటల తరబడి సాగే వాదనం కలిసిన ఒక వాతావరణమనీ గుర్తిస్తే, ఆ కాలపు కచేరీలకూ రికార్డులకూ మధ్య ఉన్న అంతరం అర్థమవుతుంది. ఆలెన్ ఉండగా బృందం విడుదల చేసింది ‘లవ్ మేక్స్ స్వీట్ మ్యూజిక్’ అనే ఒక్క సింగిల్ రికార్డు మాత్రమే. 1967 ఏప్రిల్‌లో జార్జియో గోమెల్‌స్కీ ఆధ్వర్యంలో చేసిన నమూనా రికార్డింగులు చాలాకాలం తరువాతగానీ వెలుగు చూడలేదు. నలుగురు వ్యవస్థాపకులు కలిసి ఒక ఆల్బమ్ కూడా పూర్తి చేయలేదన్నది ఈ చరిత్రలో తరచూ మరుగునపడే వాస్తవం.

డోవర్ వద్ద

1967 వేసవిని బృందం ఫ్రాన్స్ దక్షిణ తీరంలో గడిపింది. సాన్ త్రోపే పరిసరాల్లో పికాసో రాసిన ‘తోక పట్టుకున్న కోరిక’ నాటకాన్ని జాన్ జాక్ లెబెల్ ప్రదర్శించినప్పుడు అక్కడ సాఫ్ట్ మెషీన్ వాయించింది. తిరుగు ప్రయాణంలో బ్రిటిష్ అధికారులు ఆలెన్‌ను దేశంలోకి అనుమతించలేదు. అంతకుముందు వీసా గడువు మీరి బ్రిటన్‌లో ఉండడమే కారణం. అతడు ప్యారిస్‌కు మరలి, గిలీ స్మిత్‌తో కలిసి ‘గాంగ్’ బృందాన్ని నెలకొల్పాడు. మిగిలిన ముగ్గురు లండన్ చేరారు.

బృందంలోని మొదటి పెద్ద మార్పుకు సంగీతపరమైన కారణమేదీ లేదు, కానీ దాని సంగీత ఫలితం చాలా దూరం వెళ్ళింది. గిటార్ పోవడంతో ఆ ఖాళీని నింపే భారం రాట్‌లెడ్జ్ ఆర్గాన్‌పై పడింది. అతడు వాడిన లౌరీ ఆర్గాన్‌ను ఫజ్ పరికరానికి కలిపినప్పుడు మీటలపై నుండి వేళ్ళు తీస్తే వెంటనే కీచుమని ప్రతిధ్వని పుట్టేది. అందువల్ల విరామం లేకుండా వాయిస్తూ పోవలసి వచ్చేది. విమర్శకులు అతడి ప్రత్యేక శైలిగా మెచ్చుకున్న ఆ ఎడతెగని సుదీర్ఘ స్వరధార, పుట్టుకలో ఒక సాంకేతిక ఇబ్బందికి విరుగుడు. గిటార్ లేని రాక్ బృందమన్న గుర్తింపు ఇలా యాదృచ్ఛికంగా ఏర్పడి, దాదాపు ఆరేళ్ళు కొనసాగింది.

ముగ్గురి ఆల్బమ్, మరొక ముగ్గురి ఆల్బమ్

1968లో జిమీ హెండ్రిక్స్‌తో కలిసి అమెరికా అంతటా తిరుగుతున్న కాలంలో, ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో, బృందం తన మొదటి ఆల్బమ్‌ను రికార్డు చేసింది. చాస్ చాండ్లర్, టామ్ విల్సన్ నిర్మాతలు. కచేరీల్లో ఆపకుండా వాయించే అలవాటు వల్ల పాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎయర్స్ మంద్రమైన, కొంత నిర్లక్ష్యం ధ్వనించే గొంతుకూ వయట్ సన్నని పై స్థాయి గొంతుకూ మధ్య ఉన్న వైరుధ్యమే ఈ ఆల్బమ్‌కు ప్రాణం. సైకెడెలిక్ రాక్‌గా సాఫ్ట్ మెషీన్‌ను నిర్ధారించే ప్రధాన ఆధారం కూడా ఇదే.

ఆ వేసవిలో గిటారిస్టు ఆండీ సమర్స్ కొద్దికాలం చేరాడు. తరువాతి కాలంలో ‘ది పోలీస్’ బృందంతో ప్రపంచ ప్రసిద్ధుడైనది ఇతడే. ఎయర్స్ అయిష్టత వల్ల అతడు బయటికి వెళ్ళాడు. సెప్టెంబరులో యాత్ర ముగిసేసరికి ఎయర్స్ కూడా విరమించుకున్నాడు. ఎడతెగని ప్రయాణాలతో విసిగిపోయిన అతడు తన బేస్ గిటార్‌ను హెండ్రిక్స్ డ్రమ్మర్ మిచ్ మిచెల్‌కు అమ్మివేసి మధ్యధరా ద్వీపమైన ఇబీజా చేరాడు. బృందం ఆచరణలో రద్దయిపోయింది. అప్పటికి మొదటి ఆల్బమ్ ఇంకా విడుదల కాలేదు.

డిసెంబరులో ఆల్బమ్ వెలువడగానే ఒప్పందం ప్రకారం బృందం తిరిగి ఏర్పడవలసి వచ్చింది. అంతవరకు సామాన్ల రవాణా, వేదిక ఏర్పాట్లు చూసుకున్న హ్యూ హాపర్ బేస్ వాద్యకారుడిగా చేరాడు. 1969లో వచ్చిన ‘వాల్యూమ్ టూ’లో ఇంగ్లీషు అక్షరమాలను వయట్ వరుసగా పాడి వినిపించడం వంటి చమత్కారాలు మిగిలే ఉన్నా, బేసి తాళగతులు, హాపర్ కట్టిన వంకర తిరిగిన బాణీలు, శాక్సొఫోన్ ధ్వని కొత్తగా చేరాయి. రెండు దశలూ సమతూకంలో నిలిచిన ఏకైక ఆల్బమ్ ఇది. ఈ బృందాన్ని తొలిసారి వినే పరిశోధకులకు ‘థర్డ్’ కంటే ఇదే తగిన ప్రవేశద్వారం.

‘థర్డ్’

1969 శరదృతువులో కీత్ టిప్పెట్ జాజ్ బృందం నుండి ఎల్టన్ డీన్, మార్క్ చారిగ్, నిక్ ఎవాన్స్, వారితోపాటు లిన్ డాబ్సన్ చేరడంతో సాఫ్ట్ మెషీన్ ఏడుగురి బృందమైంది. అంతమందిని పోషించే ఆదాయం లేకపోవడంతో కొద్ది నెలల్లోనే ఐదుగురికీ, 1970 వసంతానికి నలుగురికీ తగ్గింది. కొత్తవారిలో శాక్సొఫోన్ వాద్యకారుడు డీన్ ఒక్కడే మిగిలాడు. ఇతడు పూర్వం ‘బ్లూసాలజీ’ బృందంలో ఉన్నప్పుడు సహచరుడైన రెజినాల్డ్ డ్వైట్ ఇతడి పేరులోని మొదటి భాగాన్ని తీసుకుని ఎల్టన్ జాన్‌గా మారాడు. ఎవరి పేరు ఎవరికి కీర్తి తెస్తుందో చెప్పలేమనడానికి సాఫ్ట్ మెషీన్ చరిత్రలో ఉదాహరణలు కొల్లలు.

1970 జూన్‌లో సి.బి.ఎస్. సంస్థ విడుదల చేసిన ‘థర్డ్’ రెండు రికార్డుల ఆల్బమ్. నాలుగు వైపులు, ఒక్కో వైపు ఒక్కో రచన. హాపర్ రచించిన ‘ఫేస్‌లిఫ్ట్’ ఐదుగురి బృందం 1970 జనవరిలో క్రాయ్‌డన్, బర్మింగ్‌హామ్ నగరాల్లో ఇచ్చిన కచేరీల టేపులను కత్తిరించి, అతికించి రూపొందించినది. రాట్‌లెడ్జ్ రచనలు ‘స్లైట్లీ ఆల్ ద టైమ్’, ‘అవుట్-బ్లడీ-రేజియస్’. రెండవదానిలో ఆర్గాన్ ధ్వనులు వలయాలుగా తిరుగుతూ మెల్లగా చిక్కబడే భాగాలపై అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీ ప్రభావం స్పష్టం. రైలీ తరువాత పండిట్ ప్రాణ్‌నాథ్ వద్ద హిందుస్తానీ గాత్రాన్ని అభ్యసించిన కారణంగా ఇక్కడ భారతీయ రాగ సంగీత ప్రభావాన్ని చూడాలనే మొగ్గు కలగవచ్చు. అది కాలక్రమానికి నిలవదు. ఆ శిష్యరికం మొదలైంది 1970లోనే. సాఫ్ట్ మెషీన్‌కు అందినది అంతకుముందటి రైలీ, టేపు వలయాలతో, పునరావృత స్వరాలతో ప్రయోగాలు చేసిన రైలీ. 1960లలో ప్యారిస్‌లో అతడిని ఆలెన్ ఎరిగి ఉన్నాడు. బృందం నుండి వెళ్ళిపోయిన వ్యక్తి పరిచయాలు అతడి తరువాత కూడా బృందంలో పనిచేశాయనడానికి ఇది నిదర్శనం.

మిగిలిన వైపు వయట్ రచన ‘మూన్ ఇన్ జూన్’. సాఫ్ట్ మెషీన్ స్టూడియో ఆల్బమ్‌లలో పాడిన చివరి పాట ఇది. దాదాపు 19 నిమిషాల ఈ రచనలో తొలి సగంలో డ్రమ్స్ మాత్రమే కాక ఆర్గాన్, పియానో, బేస్ వాద్యాలను కూడా వయట్ చాలావరకు తానే వాయించాడు. మిగిలినవారు చివరి భాగంలోనే ప్రముఖంగా వినిపిస్తారు. ఒకే ఆల్బమ్‌లో మూడు వైపులు బృందానివి, ఒక వైపు దాదాపుగా ఒక వ్యక్తిది. విభేదానికి ఇంతకంటే స్పష్టమైన పత్రం అవసరం లేదు. 1969లో బి.బి.సి. రేడియో కోసం పాడినప్పుడు వయట్ ఇదే పాట సాహిత్యాన్ని మార్చి, ఆ స్టూడియోలో తమకు దొరికిన స్వేచ్ఛను, నడవలో ఉన్న టీ యంత్రాన్ని ప్రస్తావించాడు. రాసి పెట్టుకున్న స్వరాలను ఖచ్చితంగా వాయించే పద్ధతికీ, ఆ క్షణానికి తోచినది పాడే పద్ధతికీ మధ్య దూరం ఎంత పెరిగిందో ఈ రెండు రూపాలను పక్కపక్కన విన్నవారికి బోధపడుతుంది.

1970 ఆగస్టు 13న రాయల్ ఆల్బర్ట్ హాలులో జరిగే ప్రామ్స్ ఉత్సవంలో సాఫ్ట్ మెషీన్ కచేరీ చేసింది. శాస్త్రీయ సంగీతానికి నిలయమైన ఆ ఉత్సవం ఒక రాక్ బృందాన్ని ఆహ్వానించడం అదే మొదలు. అదే ఏడాది వచ్చిన తన సొంత ఆల్బమ్ అట్టపై వయట్ తనను తాను ప్రస్తుతం డ్రమ్స్ వాయిస్తున్న, పని దొరకని పాప్ గాయకుడిగా వర్ణించుకున్నాడు. బృందానికి అత్యున్నత గౌరవం దక్కిన సంవత్సరంలో దాని గాయకుడి మనఃస్థితి ఇది.

గొంతు తొలగింపు

1971 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఫోర్త్’లో గాత్రం లేదు. వయట్ డ్రమ్స్ వాయించాడు, అద్భుతంగా వాయించాడు కూడా. రచనలో మాత్రం అతడి భాగం శూన్యం. ఆ ఏడాది వేసవి ముగిసేలోగా అతడు బృందం నుండి బయటపడ్డాడు. తనను పంపించివేశారన్న బాధను తరువాతి ముఖాముఖీల్లో దాచుకోలేదు. కొత్తగా నెలకొల్పిన తన బృందానికి అతడు పెట్టిన పేరు ‘మ్యాచింగ్ మోల్’. సాఫ్ట్ మెషీన్‌కు ఫ్రెంచి అనువాదమైన ‘మషీన్ మోల్’ను ఇంగ్లీషు ఉచ్చారణలో పలికితే వచ్చే శ్లేష అది. పేరుపై చట్టపరమైన హక్కు లేకపోయినా నైతికమైన వాటా తనకుందని చెప్పడానికి అతడు ఎంచుకున్న మార్గం ఆ చమత్కారమే.

ఇక్కడే ఆల్బమ్‌ల శీర్షికలను గమనించాలి. థర్డ్, ఫోర్త్, ఫిఫ్త్, సిక్స్, సెవెన్. గాత్రం క్షీణిస్తున్న కాలంలోనే పేర్లు పోయి సంఖ్యలు వచ్చాయి. సంఖ్య ఒక క్రమాన్ని సూచిస్తుంది. మూడు తరువాత నాలుగు రావడం సహజమన్న భావన కలిగిస్తుంది. సభ్యులలో కొనసాగింపు సన్నగిల్లుతున్నప్పుడు ఆ కొనసాగింపును వరుస సంఖ్యలు భర్తీ చేశాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

1972 నాటి ‘ఫిఫ్త్’ ఒకే ఆల్బమ్‌లో ఇద్దరు డ్రమ్మర్లను చూసింది. ఒక వైపు ఫిల్ హోవార్డ్, మరొక వైపు జాన్ మార్షల్. డీన్ కోరిన స్వేచ్ఛా జాజ్ పద్ధతికి హోవార్డ్ అనుకూలుడు. రాట్‌లెడ్జ్, హాపర్‌లకు ఆ విశృంఖలత రుచించలేదు. హోవార్డ్ వెళ్ళాడు. నెలల వ్యవధిలో డీన్ కూడా వెళ్ళాడు. వయట్ నిష్క్రమణను జాజ్ విజయంగా వర్ణించేవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోరు. పాటను వదులుకున్న బృందం ఏడాది తిరగకముందే స్వేచ్ఛా జాజ్‌ను కూడా వదులుకుంది. నెగ్గినది కాగితంపై రాసిన స్వరరచన.

1973 జూన్ 1న ఒక విందులో నాల్గవ అంతస్తు కిటికీ నుండి పడిపోయిన వయట్‌కు నడుము కింది భాగం శాశ్వతంగా చచ్చుబడింది. నవంబరు 4న లండన్ రెయిన్‌బో థియేటరులో అతడి సహాయార్థం జరిగిన కచేరీలో పింక్ ఫ్లాయిడ్, సాఫ్ట్ మెషీన్ వాయించాయి. యూఫో క్లబ్బు నాటి రెండు బృందాలు ఏడేళ్ళ తరువాత తిరిగి ఒకే వేదికను పంచుకున్న సందర్భమిది. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ నిర్మాతగా 1974లో వెలువడిన వయట్ ఆల్బమ్ ‘రాక్ బాటమ్’లో హాపర్ కూడా పాల్గొన్నాడు. సాఫ్ట్ మెషీన్ కోల్పోయిన గొంతు అక్కడ పూర్ణరూపంలో వినిపిస్తుంది.

న్యూక్లియస్ నుండి వచ్చినవారు

డీన్ స్థానంలో 1972లో వచ్చిన కార్ల్ జెన్‌కిన్స్, అంతకుముందు చేరిన మార్షల్, 1973లో హాపర్ స్థానంలో వచ్చిన రాయ్ బాబింగ్‌టన్ ముగ్గురూ ఇయన్ కార్ నాయకత్వంలోని ‘న్యూక్లియస్’ జాజ్-రాక్ బృందంలో పనిచేసినవారే. ‘సెవెన్’ నాటికి నలుగురిలో ముగ్గురు న్యూక్లియస్ వారు, ఒక్క రాట్‌లెడ్జ్ పాత సాఫ్ట్ మెషీన్. 1975లో హార్వెస్ట్ సంస్థ ద్వారా వచ్చిన ‘బండిల్స్’లో మొదటి వైపు అధికభాగం జెన్‌కిన్స్ రచించిన ‘హాజర్డ్ ప్రొఫైల్’. అందులోని ప్రధాన బాణీ, న్యూక్లియస్ కోసం జెన్‌కిన్స్ అంతకుముందే కట్టిన ‘సాంగ్ ఫర్ ద బియర్డెడ్ లేడీ’లో ఉన్నదే. సభ్యుల రాకతోపాటు వారి రచన కూడా ఒక బృందం పేరు కింద నుండి మరొక బృందం పేరు కిందికి మారింది. ‘బండిల్స్’ను న్యూక్లియస్ చరిత్రలో భాగంగా చదివితే ఎక్కువ అర్థమవుతుందన్న వాదనకు ఇది బలమైన ఆధారం.

ఆ ఆల్బమ్‌లో ఆలన్ హోల్డ్స్‌వర్త్ రాకతో గిటార్ మళ్ళీ ముందుకు వచ్చింది. ఇక్కడ ఒక పోలికను గుర్తించాలి. ఆలెన్ స్థాపించిన గాంగ్ బృందాన్ని 1975లో అతడే విడిచిపెట్టాక పియెర్ మోర్లెన్ నాయకత్వంలో అది కూడా వాద్య ప్రధానమైన జాజ్-రాక్ బాట పట్టింది. 1976 నాటి దాని ‘గాజూజ్!’ ఆల్బమ్‌లో గిటారిస్టు మరెవరో కాదు, హోల్డ్స్‌వర్త్. ఒకే వ్యక్తి స్థాపించిన రెండు సైకెడెలిక్ బృందాలు, అతడు లేకపోయాక, ఒకే గిటారిస్టుతో దాదాపు ఒకే గమ్యం చేరాయి. వ్యక్తుల అభిరుచులతోపాటు 1970ల మధ్యనాటి సంగీత విపణిలో జాజ్-రాక్‌కు, అపార నైపుణ్య ప్రదర్శనకు ఏర్పడిన గిరాకీ కూడా ఈ మార్పుకు దోహదం చేసిందని దీనివల్ల తెలుస్తుంది.

1976 ఆరంభంలో రాట్‌లెడ్జ్ వెళ్ళిపోయాడు. ఆ ఏడాది వచ్చిన ‘సాఫ్ట్స్’లో అతడు రెండు రచనల్లో అతిథిగా మాత్రమే వినిపిస్తాడు. గిటారిస్టు జాన్ ఎథరిడ్జ్ అప్పటికే హోల్డ్స్‌వర్త్ స్థానంలో ఉన్నాడు. 1977లో ప్యారిస్‌లో రికార్డు చేసిన కచేరీ ఆల్బమ్ మరుసటి సంవత్సరం విడుదలైంది. ‘ల్యాండ్ ఆఫ్ కొకేన్’ జెన్‌కిన్స్, మార్షల్ స్టూడియో వాద్యకారులను సమకూర్చి చేసినది. తీగవాద్యాల నేపథ్యంతో శ్రావ్యంగానే ఉంటుంది, కానీ అందులో బృందమంటూ లేదు. 1984లో లండన్ రానీ స్కాట్స్ క్లబ్బులో కొన్ని కచేరీలతో ఆ దశ ముగిసింది. జెన్‌కిన్స్ తరువాత ‘అడియీమస్’, ‘ది ఆర్మ్‌డ్ మ్యాన్’ రచనలతో బృందగాన స్వరకర్తగా విశేష ఖ్యాతి గడించాడు.

పేరు మాత్రం ఆగలేదు. 2004లో డీన్, హాపర్, మార్షల్, ఎథరిడ్జ్ కలిసి ‘సాఫ్ట్ మెషీన్ లెగసీ’గా కచేరీలు ప్రారంభించారు. వారసత్వం అన్న అర్థంగల ఆ మూడవ పదాన్ని చేర్చుకోవడంలో ఒక సంకోచం, ఒక నిజాయితీ కనిపిస్తాయి. డీన్ 2006లోనూ, హాపర్ 2009లోనూ మరణించారు. థియో ట్రావిస్ చేరాడు, బాబింగ్‌టన్ తిరిగి వచ్చాడు. 2015లో ‘లెగసీ’ని తొలగించి పూర్వపు పేరునే స్వీకరించారు. అంటే 1971 నాటి నలుగురిలో ఇద్దరు సభ్యులుగా ఉన్నంతకాలం, అనగా డీన్, హాపర్ జీవించి ఉన్నప్పుడు, పాత పేరును పూర్తిగా వాడుకోలేదు. వారిద్దరూ లేని తరువాతనే వాడుకున్నారు. 2018లో ‘హిడెన్ డీటెయిల్స్’, 2023లో ‘అదర్ డోర్స్’ వెలువడ్డాయి. మొదటిదానిలో రాట్‌లెడ్జ్ రచనలను, రెండవదానిలో 1968 ఆల్బమ్‌లోని ‘జాయ్ ఆఫ్ ఎ టాయ్’ను తిరిగి వాయించారు. ‘అదర్ డోర్స్’ విడుదలైన కొద్ది నెలలకే, 2023 సెప్టెంబరులో, మార్షల్ మరణించాడు. ఎథరిడ్జ్, ట్రావిస్‌లతో బృందం కచేరీలు కొనసాగిస్తున్నది. వ్యవస్థాపకులలో ఎయర్స్ 2013లో, ఆలెన్ 2015లో, రాట్‌లెడ్జ్ 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు. మిగిలిన వయట్ 2014లోనే సంగీత రచన నుండి విరమించుకున్నాడు.